మట్టికుండ నుండి డీప్ ఫ్రీజరు వరకు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. అటువంటి ఎండలలో మన పెద్దలకు తెలిసిన చల్లదనం మట్టికుండదే. కుండ గోడ నుండి ఊరిన నీరు ఆవిరయ్యేటప్పుడు అందుకు కావలసిన వేడిని కుండలోని నీటి నుండే గ్రహిస్తుంది. నేటి ఫ్రీజరుకు ఆధారం కూడా ఈ సూత్రమే.

నంద్యాల నాడు మద్రాసు రాజధానిలో ఉండేది. అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు అక్కడి చెరువులలో గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టు కప్పి ఓడలలో ఎగుమతి చేసేవాడు. అది 1833లో కలకత్తా చేరింది. 1842లో మద్రాసు తీరాన దాని నిల్వకై ఐస్ హౌస్ వెలసింది. నేటి వివేకానంద భవనం అదే.

మంచును దిగుమతి చేసుకునే అవసరాన్ని తీర్చినది యంత్రం. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండనులో దానికి పేటెంటు పొందాడు. కంప్రెసరు వాయువును అదుముతుంది; వెనుక గొట్టాలలో అది వేడిని గదిలోకి విడిచి ద్రవమవుతుంది; సన్నని గొట్టం దాటి ఫ్రీజరు గోడలలో మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగుకుంటుంది. కుండ ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఇక్కడి ఆవిరి తిరిగి పనికి వస్తుంది. తేడా అంతే. ఫ్రీజరు చలిని పుట్టించదు, వేడిని బయటికి తోడుతుంది.

ఈ యంత్రం ప్రజారోగ్యానికి ప్రాణాధారమైనది టీకాల వల్ల. 1978లో విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మన దేశంలో మొదలయ్యాయి. పోలియో చుక్కల మందు దీర్ఘకాలిక నిల్వకు మైనస్ 20 డిగ్రీలు కావాలి. డీపీటీ, హెపటైటిస్-బి టీకాలు 2 నుండి 8 డిగ్రీల మధ్యనే ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టినా చెడిపోతాయి. కరెంటు నిలకడలేని పల్లెలకై వచ్చినదే గోడలలో మంచు పొర గల ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరు. రోజుకు 8 గంటలు విద్యుత్తు ఉన్నా అది చల్లదనాన్ని నిలుపుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డీప్ ఫ్రీజరు ముఖ్యంగా ఐస్ ప్యాకులు తయారుచేయడానికే. నల్లమల అంచు పల్లెలకు టీకా పెట్టె మోసుకుపోయే ఆరోగ్య కార్యకర్త, ప్యాకులు చెమర్చి లోపల నీరు కదిలే వరకు ఆగి, అప్పుడే వాటిని సర్దాలి. లేకుంటే టీకాయే గడ్డకడుతుంది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న నమోదైంది; 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. ఆ విజయంలో ఈ శీతల గొలుసుకూ వాటా ఉన్నది.

ఇంటి ఫ్రిజ్ విషయంలోనూ ఇదే పాఠం వర్తిస్తుంది. మైనస్ 18 డిగ్రీల చలి క్రిములను నిద్రపుచ్చుతుందే గాని అన్నింటినీ చంపదు; కరిగిన మాంసాన్ని వెంటనే వండాలి. తెరవని ఇన్సులినును ఫ్రిజ్ క్రింది అరలో ఉంచాలి, ఫ్రీజరులో కాదు. గడ్డకట్టిన ఇన్సులిను తిరిగి కరిగి తేటగా కనిపించినా దానిని పారవేయాలి. ఫ్రిజ్ లేని ఇంట వాడుకలోని సీసాను తడి చేరకుండా మూసి, నీరు చల్లిన మట్టికుండలో నీడన ఉంచితే కొంత రక్షణ. ఎక్కువ చల్లదనమే మేలనుకోవడం పొరపాటు; ప్రతి మందుకూ తగిన చల్లదనం వేరు.