టి.యు.-142 విమాన ప్రదర్శనశాల

టి.యు.-142 విమాన ప్రదర్శనశాల విశాఖపట్నంలోని రామకృష్ణా బీచ్ రోడ్డుపై ఉన్న వైమానిక ప్రదర్శనశాల. భారత నౌకాదళంలో 29 సంవత్సరాల పాటు సేవలందించి 2017లో విరమించిన టుపోలెవ్ టి.యు.-142ఎం విమానం ఇక్కడి ప్రధాన ఆకర్షణ. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించారు. సందర్శకులు విమానం లోపలికి కూడా వెళ్ళి చూడవచ్చును. రోడ్డుకు అవతలి వైపున, ఇసుక ఒడ్డున, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉన్నది. వేటాడే విమానము, వేటకు గురయ్యే జలాంతర్గామి ఇలా ఎదురెదురుగా ఉండటం వలన రెండింటినీ ఒకే రోజున చూడటం మేలు.

విమాన చరిత్ర

సోవియట్ యూనియన్‌కు చెందిన టుపోలెవ్ సంస్థ తన టి.యు.-95 బాంబర్ విమానాన్ని ఆధారం చేసుకొని, సముద్రంపై గస్తీకి, జలాంతర్గాముల వేటకు అనువుగా టి.యు.-142ను రూపొందించినది. ఇది తొలిసారిగా 1968లో ఎగిరినది. భారతదేశం ఇటువంటి విమానాలు ఎనిమిదింటిని కొనుగోలు చేసినది. 1988లో ఇవి గోవాలోని ఐ.ఎన్.ఎస్. హంస స్థావరానికి చేరుకున్నాయి. 1992లో వీటి స్థావరం తమిళనాడులోని అరక్కోణం వద్దనున్న ఐ.ఎన్.ఎస్. రాజాలికి మారినది. వీటిని నడిపిన దళం పేరు ఐ.ఎన్.ఏ.ఎస్. 312, మారుపేరు ఆల్బట్రాస్. అనేక దినాలు నేలకు దిగకుండా సముద్రంపై తిరుగగల పక్షి పేరు అది. పేరు పెట్టినవారి ఔచిత్యాన్ని మెచ్చుకోవలసినదే.

2013 నుండి అమెరికాలో తయారైన పి-8ఐ విమానాలు వచ్చి చేరడంతో వీటి అవసరం క్రమంగా తీరినది. 2017 మార్చి 29న రాజాలిలో వీటికి వీడ్కోలు పలికారు. ప్రస్తుతం ప్రదర్శనలో ఉన్న విమానం 2017 ఏప్రిల్ 8న అరక్కోణం నుండి ఎగిరి, విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరంలో దిగినది. అదే దాని ఆఖరి ప్రయాణం. సుమారు 50 మీటర్ల రెక్కల వెడల్పు, 53 మీటర్ల పొడవు గల విమానం నగర వీధులలో సాగదు. కనుక దానిని భాగాలుగా విడదీసి సముద్రతీరానికి తరలించి, మరల జోడించారు.

నిర్మాణ విశేషాలు

విమానం చుట్టూ తిరిగే పిల్లలు మొదట గమనించేది పంకాలనే. నాలుగు ఇంజనులు, ఒక్కొక్క ఇంజనుకు ముందు వెనుకలుగా రెండేసి పంకాలు ఉంటాయి. పంకాకు నాలుగు రేకుల చొప్పున మొత్తం 32 రేకులు. ఈ లెక్కను పిల్లలకు అప్పగించి వారినే లెక్కించమనడం మంచిది. ముందరి పంకా ఒక దిశలో తిరిగితే వెనుకది వ్యతిరేక దిశలో తిరుగుతుంది. మొదటి పంకా గాలికి కలిగించే సుడిని రెండవది సరిచేసి ఆ శక్తిని కూడా ముందుకు నెట్టే బలంగా మారుస్తుంది. పంకాలతో ఎగిరే విమానమే అయినా దీని గరిష్ఠ వేగం గంటకు 900 కిలోమీటర్లు దాటుతుంది. గరిష్ఠ బరువు సుమారు 185 టన్నులు.

నీటి అడుగున ఉన్న జలాంతర్గామి రాడార్‌కు చిక్కదు. విమానం సోనోబాయ్ అనే గొట్టాలను సముద్రంలోకి జారవిడుస్తుంది. నీటిపై తేలే భాగంలో రేడియో, క్రిందికి వ్రేలాడే తీగ చివర నీటి శబ్దాలను వినే పరికరం ఉంటాయి. జలాంతర్గామి చేసే చప్పుడును ఇవి విమానానికి చేరవేస్తాయి. కొన్ని గొట్టాలకు అందిన శబ్దాలను పోల్చి చూసి అది ఉన్న చోటును నిర్ణయిస్తారు. ప్రదర్శనశాలలోని సోనోబాయ్‌లు, టార్పెడోలు, ఇంజను, ప్రాణరక్షణ సామగ్రి ఈ వరుసలో చూస్తే అర్థమవుతాయి. కేవలం ఫొటోలు తీసుకొని బయటకు వచ్చేవారికి ఇవి ఇనుప గొట్టాలుగానే మిగులుతాయి.

చరిత్ర ప్రసంగాలు

ఎదురుగా ఉన్న కురుసుర జలాంతర్గామి 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారినది. అక్కడ పదవీ విరమణ చేసిన నౌకాదళ సిబ్బంది మార్గదర్శకులుగా ఉండి వివరిస్తారు. ఇరుకైన గదులలో, ఆ పని చేసినవారి నోట వినే మాట ఏ ఫలకమూ చెప్పలేనిది. టి.యు.-142 వద్ద ధ్వని రూపంలో వివరణ వినే సౌకర్యం ఉన్నది.

ఈ తీరంలో చరిత్ర గురించి మాట్లాడేవారు 1971 నాటి ఘాజీ ఉదంతాన్ని తప్పక ప్రస్తావిస్తారు. ఆ సంవత్సరం డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ సమీపంలో మునిగిపోయినది. అందులోని వారందరూ మరణించారు. భారత నౌకాదళ కథనం ప్రకారం దానిని ముంచినది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. పాకిస్తాన్ కథనం ప్రకారం అది ప్రమాదవశాత్తు జరిగిన విస్ఫోటనం. 2017లో విడుదలైన 'ఘాజీ' తెలుగు చిత్రంలో ఒక భారత జలాంతర్గామి దానిని ముంచినట్లు చూపారు. అది కల్పన. చిత్రాన్ని చూసి వచ్చిన విద్యార్థులు కురుసురనో, టి.యు.-142నో చూపి, ఘాజీని ముంచినది ఇదేనా అని అడగడం సహజమే. టి.యు.-142 విమానాలు మన దేశానికి వచ్చినది ఆ యుద్ధం ముగిసిన 17 సంవత్సరాల తరువాత. ఈ విషయాన్ని ఉపాధ్యాయులు ముందుగానే తరగతిలో చెప్పి తీసుకొని వెళ్ళడం అవసరం.

కడప జిల్లా నుండి వచ్చే కుటుంబాలకు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పిల్లలకు పెన్నా నది, గండికోట లోయ తెలిసినంతగా సముద్రం తెలియదు. విశాఖ చేరాలంటే ఒక రాత్రంతా రైలులో గడపవలసి ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు స్టేషన్లు నంద్యాల-ఎర్రగుంట్ల మార్గంలో ఉన్నాయి. పులివెందులకు రైలు లేదు కనుక రోడ్డు మార్గాన ముద్దనూరుకు గానీ కడపకు గానీ చేరుకోవాలి. ఒక విశేషమేమంటే, ఎర్రగుంట్ల మీదుగా కడప, రేణిగుంటలకు పోయే రైలుమార్గమే ముందుకు సాగి అరక్కోణం చేరుతుంది. పాతిక సంవత్సరాలు ఈ విమానానికి ఇల్లుగా ఉన్న ఊరు అదే. పటంలో ఈ రేఖను పిల్లల చేత గీయించి, విమానం అక్కడి నుండి విశాఖకు ఎగిరిన దారిని కూడా గుర్తింపజేస్తే భూగోళ పాఠం కూడా పూర్తవుతుంది.

అంత దూరం పోలేని వారికి, ముఖ్యంగా పులివెందుల వారికి, కదిరి మీదుగా బెంగుళూరు దగ్గర. అక్కడ పాత విమానాశ్రయం రోడ్డుపై హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ 2001లో నెలకొల్పిన ప్రదర్శనశాల ఉన్నది. 1951లో తొలిసారి ఎగిరిన హెచ్.టి.-2 శిక్షణ విమానం, 1961లో ఎగిరిన మారుత్ యుద్ధవిమానం వంటి స్వదేశీ నిర్మాణాలను అక్కడ చూడవచ్చును. కోసి లోపలి భాగాలు కనబడేటట్లు అమర్చిన ఇంజనులు ఉండటం చేత, ఇంజనీరింగు విద్యార్థులకు విశాఖ కంటే బెంగుళూరే ఎక్కువ ఉపయోగపడుతుంది. చిన్నపిల్లలకు మాత్రం విమానం లోపలికి నడిచి వెళ్ళే అవకాశం ఉన్న విశాఖయే నచ్చుతుంది.