నిలువురాళ్ళు, రాకాసిగుళ్ళు

ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ముడుమాల్ వద్ద (నేడది నారాయణపేట జిల్లా) కృష్ణాతీరాన పది నుండి పద్నాలుగు అడుగుల ఎత్తు రాళ్ళు పాతి ఉన్నవి. వాటి వయస్సు మూడువేల ఏండ్లకు పైమాటే. ఒక బండమీద సప్తర్షి మండలం చిన్నచిన్న గుంటలుగా తొలిచి ఉన్నది. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినప్పుడు పత్రికలు ‘మెన్హిర్లు’ అని వ్రాసినవి. ఆ మాట కెల్టు భాషలలో ఒకటైన బ్రెటనుది. మెన్ అనగా రాయి, హిర్ అనగా పొడవైనది. మన రైతు నిలువురాయి అన్నాడు. రాయి దానంతటది నిలువదు, ఎవరో నిలిపినారన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది!

కెల్టుల ప్రస్తావన ఇక్కడ కొత్తది కాదు. సురపురంలో అధికారిగా ఉండిన మెడోస్ టేలర్ (ఠగ్గుల నవల వ్రాసినవాడే) 19వ శతాబ్ది నడుమ దక్కను సమాధులను త్రవ్వించి, వాటిని కెల్టుల, డ్రూయిడుల, సిథియనుల కట్టడాల కోవలో చేర్చినాడు. ఆయన శ్రద్ధ మెచ్చదగినదే. కాని ఇంగ్లండులోని స్టోన్‌హెంజే కెల్టులకన్న వెయ్యేండ్లకు పైగా పాతదని తరువాత తేలినది. అక్కడే అతకని పేరు ఇక్కడేమి అతుకును?

మా నల్లగొండ, పాలమూరు చెలకలలో రాతిగూళ్ళను రాకాసిగుళ్ళంటారు. పాత ఊరి దిబ్బ పాటిగడ్డ. ఆ పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలేవారు. పురావస్తు పటానికి ఇంతకన్న మంచి గుర్తులేవి? ఏలేశ్వరం నాగార్జునసాగరంలో మునిగినా, ముందే త్రవ్వినందున దాని సమాధుల వివరం దక్కినది. చెలకలు ప్లాట్లవుతున్నచోట ఆపాటి అవకాశమూ లేదు. సర్వే నంబరు మిగులును, పేరు పోవును. ఆ ప్రాంతపు చదువరులు తమ ఊరి పెద్దలనడిగి, పొలాల పేర్లను సర్వే నంబర్లతో సహా వ్రాసి పంపగలరు.