పెట్టెలో ఏ కథలు తెచ్చుకున్నాం?

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టెను కాటా మీద పెట్టి, ఆవకాయ ఉంచాలా పుస్తకాలు ఉంచాలా అని తర్జనభర్జన పడని ఇల్లు మనలో ఉండదు. చివరికి ఆవకాయే గెలుస్తుందనుకోండి! దాని పక్కన ఇరికించుకొచ్చిన నాలుగు పుస్తకాలూ ఏవి అన్నదే ఇవాళ్టి మాట.

మన నవల పుట్టిన కొద్ది కాలానికే సముద్రం దాటింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారి రాజశేఖర చరిత్రము 1878లో ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలో విడతలుగా మొదలైంది. గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల దానికి ప్రేరణ. 1887లో హచిన్సన్ చేసిన అనువాదం లండన్‌లో అచ్చయింది. అక్కడి నుంచి తెచ్చుకున్న విత్తనం మన నేలలో పండి మళ్ళీ అక్కడికే చేరిందన్నమాట.

విడతలుగా రావడమన్నది ఆ తర్వాత కూడా పోలేదు. యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ, యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం రెండూ పత్రికల్లో సీరియల్స్‌గా వచ్చినవే. ఒకటి ప్రేమకథ, ఒకటి చేతబడి కథ. వీటిని నేను చిన్నచూపు చూడను, మా ఇంట్లో అమ్మలక్కలకి చదివే అలవాటు చేసింది ఈ సీరియల్సే. కానీ వారం వారం ఎదురుచూసి చదివినదాన్ని ఇక్కడి పిల్లల చేతిలో ఒక్కసారిగా పెడితే సగంలో వదిలేస్తారు. దానికంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నయం. హాస్యం కావాలంటే మొక్కపాటి వారి బారిష్టర్ పార్వతీశం ఉండనే ఉంది. మొగల్తూరు నుంచి సీమకు బయల్దేరిన ఆ కుర్రాడి అవస్థలు మనకు కొత్తవి కావు కదా.

నవల పూర్తిచేసే ఓపిక లేనివారికి కథల సంపుటి మేలు. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి పొందింది. ఒక్క సాయంత్రంలో చదివేయొచ్చు.

ఇవన్నీ ఒకసారి మా ఇంట్లో గొప్పగా చూపిస్తుంటే, వరంగల్ మిత్రుడి కూతురు, పదహారేళ్ళ పిల్ల, అడిగింది: "అంకుల్, మా నాయనమ్మ మాట్లాడినట్టు ఏ పుస్తకంలోనూ ఉండదా?" అల్మరా అంతా వెతికాను. ఒక్కటీ లేదు. నాకు సిగ్గేసింది.

పుస్తకాలు లేక కాదు, నేను తెచ్చుకోక. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లోనే సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు. ప్రజల మనిషి ఆయన నవలే. దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లు నిజాం కాలపు పల్లెను, గడీ దొరతనాన్ని అక్కడి మాటల్లోనే చూపిస్తుంది. మన అల్మరాల్లోకి మాత్రం సీరియల్స్ వచ్చినంత సులువుగా ఇవి రాలేదు.

పోయిన వేసవిలో చిల్లర దేవుళ్లు తెప్పించాను. కొన్ని ఘట్టాలు బరువైనవి, అందుకని ముందు వాళ్ళమ్మ చదివి తర్వాత పిల్లకిచ్చింది. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆ పిల్ల హన్మకొండకు ఫోన్ చేసి నాయనమ్మని అడుగుతోందట.