కొల్లేటి సీమలో మిణుగురుల నేల

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో మిణుగురుల గతాన్ని పరిశీలించాలంటే, ముందుగా ఆ నేలపై నీరు నడిచిన తీరును గుర్తించాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు దిగగా, మిగులునీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరవేస్తుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, గోదావరి నీరు కాలువల వెంట తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వైపు సాగాక, మెట్ట చేలు క్రమంగా సార్వా, దాళ్వా వరి పండే మాగాణిగా మారి, పంటబోదెల ఒడ్డున, గట్ల వార తడి ఆరని నేల విస్తరించింది.

మిణుగురుకు అటువంటి నేలే పుట్టిల్లు. పెంకుపురుగుల వర్గానికి చెందిన ఈ కీటకం తన జీవితంలో అధికభాగాన్ని డింభకంగా, అంటే గుడ్డు నుంచి వెలువడిన పురుగు దశలోనే గడుపుతూ, నత్తను కరిచి, విషంతో కదలకుండా చేసి, దాని మాంసాన్ని ద్రవంగా మార్చి పీల్చుకుంటుంది. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫరేజ్ అనే ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే దీని వెలుగులో వేడి దాదాపు ఉండదు. 1767లో లిన్నేయస్ వర్ణించిన, నేడు అబ్‌స్కాండిటా చైనెన్సిస్‌గా వ్యవహరించే జాతిలో మగపురుగుకు పొట్ట చివర రెండు ఖండాలు, ఆడదానికి ఒక ఖండం మాత్రమే వెలుగుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లోని బర్రంకుల గ్రామంలో 1996లో పది చదరపు మీటర్లకు 500కు పైగా కనిపించిన ఈ జాతి పురుగులు 2019 నాటికి 10 నుంచి 20కి తగ్గాయని ఒక పరిశోధన నమోదు చేసింది. పురుగుమందులు డింభకాన్నీ దాని ఆహారమైన నత్తనూ దెబ్బతీయగా, విద్యుద్దీపాల కాంతి జత కోసం మగపురుగు పంపే మిణుకులను కప్పివేస్తుంది. కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి, సహజమైన తడినేల గట్ల మధ్య ముక్కలైన తరువాత, 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువులను పెద్దయెత్తున తొలగించారు.

ఈ రక్షణ ప్రధానంగా పక్షుల పేరిట సాగినా, గట్టు వారనున్న తడిమట్టి ఆరోగ్యాన్ని మిణుగురులు మరింత దగ్గరగా తెలుపగలవు. తొలకరి తరువాత, వెన్నెల లేని రాత్రుల్లో, టార్చికి ఎర్రకాగితం చుట్టి, ఒకే గట్టున ఒకే వేళకు ఏటేటా మిణుకులను లెక్కించి రాసిపెడితే, ఏ బోదె వెంట మందు తగ్గించాలో, ఏ దీపం ఆర్పాలో ఆ ఊరివారే నిర్ణయించుకోగలుగుతారు.