శ్రీనాథుడు మింగలేని ముద్ద

మా అత్తయ్యగారికి షుగరని తేలిన మర్నాడే చిలకలూరిపేట బజారుకెళ్ళి రెండు కిలోల జొన్నపిండి తెచ్చాను. సంచీ చూసి ఆవిడ పకపకా నవ్వారు.

"ఇదేం చోద్యమే అమ్మాయ్! మా నాన్న మెట్టూరి నుంచి నన్నీ కాలవ కింది ఇంటికిచ్చిందే వరన్నం తింటానని. నువ్వు మళ్ళీ జొన్నకూటికి దించుతున్నావా?"

నవ్వుతూ అన్నా, ఆ మాట వెనక ఆరువందల ఏళ్ళ చరిత్ర ఉంది సుమండీ!

పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడికి పల్నాటి తిండంటే ఎంత వెగటో ఆయన పేర చెప్పుకునే చాటువులే సాక్ష్యం. ఒకదాంట్లో ఏకంగా కృష్ణుణ్ణే సవాలు చేశాడు. పూతన విషం తాగావు, కార్చిచ్చు మింగావు సరే, చింతచిగురేసి ఉడికించిన బచ్చలికూరతో ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మింగు చూద్దాం అని!

ఆ ముద్దని ఇల్లాలి కళ్ళతో చూడండి. జొన్నలో పీచు, బచ్చలిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఆ ఇనుము ఒంటికి పట్టడానికి చింతచిగురు పులుపు తోడు. మహాకవి వెక్కిరించింది చక్కటి భోజనాన్నే!

అలాగని జొన్న అమృతమా? ఆ పొరపాటు నేనూ చేశాను. మొదటిరోజు రొట్టె, ఊరగాయ వడ్డిస్తే అత్తయ్య కంచం ముందు అలాగే కూర్చున్నారు.

"పప్పేదీ? ఆకేదీ? మా ఊళ్ళో కూలికొచ్చేవాళ్ళు ఒట్టి జొన్నకూడు ఉప్పూమిరపకాయతో తినేవాళ్ళు. వాళ్ళ చేతులు నల్లబడి పగిలిపోయేవి. ఎండకనుకునేవాళ్ళం."

నా గుండె గతుక్కుమంది. వాళ్ళకొచ్చిందేమిటో నేను చెప్పలేను గానీ, జొన్నే ప్రధానంగా తినే దక్కను పేదల్లో సరిగ్గా అలాంటి లక్షణాలతో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. నయాసిన్ అనే విటమిను లోపం వల్ల వస్తుందది. జొన్నకీ దానికీ ఉన్న సంబంధం గురించి హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయం నుంచి డాక్టర్ సి. గోపాలన్ 1960లో తన సహచరుడితో కలిసి రాశారు. అదే సంస్థ 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇంతలో కాలం మారింది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. కుడికాలవ వెంట వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పేదింటికీ చేరింది. ఆకలి తీరింది, కాదనను. కానీ తెల్లగా మరపట్టించిన బియ్యంలో తవుడూ పీచూ పోయాయి. కంచంలో అన్నం గుట్టై, కూర చుక్కైంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంటే, పేదకూడని మనం వదిలేసిన జొన్నే సోకైన పొట్లాల్లో తిరిగొచ్చింది.

మనం పోగొట్టుకున్నది జొన్నని మాత్రమే కాదు, దాని పక్కనుండే పప్పునీ, ఆకునీ, మజ్జిగనీ కూడా.

ఆ సాయంత్రం పెరటి బచ్చలి కోసి, చింతచిగురేసి వండాను. డాక్టరిచ్చిన మాత్ర మానకుండానే, కొలిచి పెట్టిన జొన్నసంకటి తిన్నారు అత్తయ్య. చెయ్యి కడుక్కుంటూ అన్నారు కదా...

"పాపం, ఆ శ్రీనాథుడికి వండిపెట్టేవాళ్ళు సరిగ్గా దొరకలేదేమోనే అమ్మాయ్!"