షోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగువారు



షోలాపూర్ అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది దుప్పటి. చలికాలంలో పెట్టెలో నుంచి తీసేది అదే. ప్రయాణంలో చంకన పెట్టుకునేదీ, ఇంటికి చుట్టం వస్తే మంచం మీద పరిచేదీ అదే. ఒక పక్క ఏ పువ్వు కనబడుతుందో రెండో పక్కా అదే పువ్వు, రంగులు మాత్రం తారుమారై కనబడుతుంది. ఆ దుప్పటికి 2005లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే దాన్ని నేసిన చేతుల్లో చాలా భాగం తెలుగు చేతులని మనలో ఎంతమందికి తెలుసు? షోలాపూర్ నగరం తూర్పు భాగంలో తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్న ఆ పేటల గురించి ఈ రోజు చెప్పుకుందాం.

షోలాపూర్ మహారాష్ట్రలో ఉంది. హైదరాబాదు నుంచి రమారమి 300 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 9,51,558. మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ అనే నాలుగు భాషలు బజారులో కలిసి నడిచే ఊరది. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు ఇది కొత్త సంగతి కాదు. మీ ఊరి సంతలోనూ అంగడివాడు ముగ్గురికి మూడు భాషల్లో ధర చెబుతూనే ఉంటాడు. షోలాపూర్‌లో సాఖర్ పేట, భద్రావతి పేట, పచ్చా పేట, దత్తనగర్, అశోక్ చౌక్, కన్నా చౌక్ వంటి చోట్ల మాత్రం తెలుగు బజారు భాషగా మిగలక ఇంటి భాషగా, పని భాషగా నిలబడింది.

వీరు అక్కడికి ఎలా వెళ్లారు? అంతకు ముందు నుంచే కొన్ని పద్మశాలి కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నా, పెద్ద ఎత్తున వలస సాగింది మాత్రం రైలు వచ్చిన తరువాతే. 1860లో బొంబాయి వైపు నుంచి రైలు మార్గం షోలాపూర్ చేరింది. 1871లో అది రాయచూరు దాకా వెళ్లింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం తెరుచుకుంది. సరిగ్గా అదే ఏడు షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు కంపెనీ ఏర్పడింది. దాన్నే తరువాతి కాలంలో జనం ‘జూనీ మిల్లు’, అంటే పాత మిల్లు అన్నారు. ఆ తరువాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు మిల్లులు వచ్చాయి.

మిల్లులు వస్తే చేనేతవాడు ఊరు విడిచి పోవాలి గాని, అక్కడికే ఎందుకు వెళ్లాడని మీకు సందేహం రావచ్చు. దానికి కారణం ఉంది. మిల్లు బట్టతో పాటు నూలు కూడా తయారు చేస్తుంది. నూలు దగ్గరలో దొరికితే మగ్గానికి పని ఉంటుంది. నేసిన చీర కొనడానికి మరాఠా పల్లెలు చుట్టూ ఉన్నాయి. ఆ స్త్రీలు కట్టే పొడుగు చీరలు నేయడంలో షోలాపూర్ మగ్గాలు పేరు తెచ్చుకున్నాయి. ఇటు నిజాం ఇలాకాలోని కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో నేతగాళ్లకు కరువులు, అప్పులు, వెట్టి బాధలు ఉండేవి. సరిహద్దుకు అవతల బొంబాయి రాష్ట్రం. నడిచి పోయినవారు కొందరు, రైలెక్కి పోయినవారు మరికొందరు. ముందు వెళ్లినవాడు మేనమామను పిలిచాడు, మేనమామ వియ్యంకుణ్ణి పిలిచాడు. ఇలా ఊళ్లకు ఊళ్లే అక్కడ పేటలుగా వెలిశాయి.

వెళ్లినవాడు దిగేది సత్రంలో కాదు, కార్ఖానాలో. ఈ కార్ఖానా అన్న మాట వినగానే పెద్ద పొగగొట్టం ఊహించుకోకండి. ఒక పొడుగాటి పెంకుటిల్లో, రేకుల కొట్టమో. అందులో వరుసగా మగ్గాలు. యజమాని కూడా చాలాసార్లు పద్మశాలీయే, ఒక తరం ముందు వచ్చినవాడు. మగ్గం అతనిది, నూలు అతనిది, నేత మాత్రం వచ్చినవాడిది. మగవాడు మగ్గం మీద కూర్చుంటే ఇల్లాలు కండెలు చుట్టేది, ముసలివాళ్లు చిక్కు తీసేవారు, పిల్లలు అందిచ్చేవారు. చాలా కుటుంబాలకు ఆ మగ్గాల పక్కనే వంట, ఆ మగ్గాల పక్కనే పడక.

ఇక్కడ ఒక మాట గమనించండి. మన పల్లెల్లో ‘ఆసామి’ అంటే పొలం పుట్ర ఉన్న పెద్దమనిషి. షోలాపూర్ కార్ఖానాల్లో ‘ఆసామి’ అంటే యజమాని మగ్గం మీద కూలికి నేసేవాడు. ఊళ్లో ఒక హోదాను తెలిపిన మాట నగరానికి వెళ్లేసరికి దానికి పూర్తిగా వ్యతిరేకమైన హోదాను తెలిపింది. ఆ ఆసామిని కార్ఖానాకు కట్టి ఉంచింది ‘బాకీ’. పెళ్లికో, ప్రయాణానికో, జబ్బుకో యజమాని ముందుగా ఇచ్చిన సొమ్ము అది. బాకీ తీరితే గాని మరో కార్ఖానాకు పోవడానికి వీలుండేది కాదు. పోవాలంటే ఆ కొత్త యజమాని పాత బాకీ కట్టి తీసుకుపోవాలి. ఇల్లు కూడా ఆ కొట్టంలోనే కాబట్టి, పని పోతే నీడ కూడా పోయేది.

అయితే మన భాషను తరతరాలు అక్కడ నిలిపింది కూడా ఆ కార్ఖానాయే. తాత, తండ్రి, కొడుకు ఒకే కప్పు కింద పని చేస్తున్నప్పుడు పడుగు, పేక, ఆసు, అచ్చు, నాడె అనే మాటలకు మరాఠీ మాట వెతుక్కునే అవసరం ఎవరికీ రాలేదు. పక్క మగ్గంవాడూ తెలుగువాడే, ఎదురింటివాడూ తెలుగువాడే. వియ్యమందడం కూడా ఆ నాలుగు పేటల్లోనే, లేకపోతే స్వగ్రామంలోనే. కాబట్టి భాష నిలబడిందని మనం సంతోషించేటప్పుడు, అది నిలబడిన చోటు ఎంత ఇరుకైనదో కూడా గుర్తుంచుకోవాలి.

పేట జీవితంలో పండుగలది పెద్ద పాత్ర. శ్రావణ పౌర్ణమి అక్కడివారికి నారళీ పౌర్ణమి, మనకు జంధ్యాల పున్నమి. ఆ రోజు పద్మశాలీలు కొత్త జంధ్యం వేసుకుని, తమ కులదైవమైన మార్కండేయుని రథాన్ని ఊరేగిస్తారు. ఊరంతా చూడడానికి వస్తుంది. దసరా రోజుల్లో తెలుగు ఆడపడుచులు బతుకమ్మ ఆడతారు. సంక్రాంతికి సిద్ధేశ్వర స్వామి జాతర జరుగుతుంది. అది ఏ ఒక్క కులానికో, భాషకో చెందిన జాతర కాదు. వినాయక చవితికి మరాఠీ పద్ధతిలో లెజీమ్ పట్టుకుని ఆడే కుర్రవాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో.

పేర్లు కూడా ఊరి నీళ్లు తాగాయి. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, వారు చివర చెబుతారు. మరాఠీ నోట చివరి అచ్చు జారిపోతుంది. అందుకే మన గాజులవారు అక్కడ గాజూల్ అయ్యారు, సాదులవారు సాదుల్ అయ్యారు. మాటలు ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా వచ్చాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచ’ అంటారు గదా. మరాఠీ మిల్లు కార్మికులు మగ్గాన్ని పిలిచే మాట అది. పని వెతుక్కుంటూ వెళ్లిన మనిషి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చిన మూటలో ఇలాంటి మాటలు కూడా ఉన్నాయి.

ఈ పేటలు దేశ చరిత్రకు దూరంగా ఏమీ లేవు. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తరువాత షోలాపూర్ జనం తిరగబడగా బ్రిటిష్ ప్రభుత్వం నగరంలో సైనిక శాసనం విధించింది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే అనే నలుగురిని ఉరి తీశారు. ఒక లింగాయతు, ఒక ముస్లిం, ఒక మార్వాడీ, ఒక మరాఠీ. ఆ ఊరి కూర్పు ఆ నలుగురి పేర్లలోనే కనబడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో పాత మిల్లు మూతపడింది. వేలాది కార్మికులు వీధిన పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వాహకత్వం తన చేతికి తీసుకుంది. వాటాదారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1950లో ఒక వ్యాజ్యం కొట్టివేసిన న్యాయస్థానం, 1953లో ద్వారకాదాస్ శ్రీనివాస్ వ్యాజ్యంలో ఆ చట్టం చెల్లదని తీర్పు చెప్పింది. 1955లో వచ్చిన నాలుగో రాజ్యాంగ సవరణకు దారి తీసిన తీర్పుల్లో ఇది ఒకటి. న్యాయ కళాశాలల్లో విద్యార్థులు నేటికీ ‘షోలాపూర్ మిల్లు కేసు’ చదువుతారు. ఆ మిల్లు బూర మోగితే లేచి, మోగితే పడుకున్న పేటలు ఎలా ఉండేవో పాఠ్యపుస్తకంలో ఉండదు.

ఆ తరువాత చేతిమగ్గం స్థానంలో మరమగ్గం వచ్చింది. చీరలు తగ్గి జాకార్డు దుప్పట్లు, తువాళ్లు పెరిగాయి. 1990లలో లక్ష్మీ, విష్ణు మిల్లులు కూడా మూతపడ్డాయి. మగవాడి సంపాదన తగ్గినప్పుడల్లా ఇంటిని నిలబెట్టింది ఆడవారి చేతిలోని బీడీల చాట. ఇది షోలాపూర్ తెలుగు పేటల చరిత్రలో సగభాగం. తునికాకు తడపాలి, అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడిచి దారం కట్టాలి. ఇలా వెయ్యి చుడితే ఒక కూలి లెక్క. లెక్క అప్పగించే చోట బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు కూలి రాదు. ఇంత చేసినా ఆమెను చాలాకాలం కార్మికురాలిగా ఎవరూ లెక్కపెట్టలేదు. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాక ఆమెకు గుర్తింపు కార్డు దక్కింది. పిల్లల చదువుకు ఉపకార వేతనం, జబ్బు చేస్తే వైద్యం ఆ కార్డు మీద లభించాయి.

తరువాత వచ్చిన పోరాటం ఇంటి కోసం. శాసనసభకు 1978, 1995, 2004లలో ఎన్నికైన కార్మిక నాయకుడు నరసయ్య ఆడం ఆధ్వర్యంలో బీడీ కార్మిక స్త్రీలు సహకార సంఘంగా ఏర్పడ్డారు. నగరం పొలిమేరలో కుంభారి దగ్గర గోదావరి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ కట్టుకున్నారు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా వాటిని అందుకున్నారు. అసంఘటిత కార్మికుల కోసం అదే దారిలో 30,000 ఇళ్లతో రే నగర్ తలపెట్టారు. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. పార్టీలు వేరు, ప్రభుత్వాలు వేరు. మగ్గం పక్కన కాక, తన పేర పట్టా ఉన్న గదిలో అన్నం వండుకోవడం ఆ ఇల్లాలికి ఎంత పెద్ద సంగతో మీరే ఆలోచించండి. కష్టాలు తీరాయని అనడం లేదు. షోలాపూర్‌లో కుళాయి నీళ్లు ఏళ్ల తరబడి కొన్ని రోజులకొకసారి వచ్చేవి. డ్రమ్ములు, బిందెలు నింపుకునే రోజు ఆడవారికి మరో పని ఉండేది కాదు. అయినా, ఇల్లు ఖాళీ చేయమనే యజమాని మాత్రం ఇప్పుడు లేడు.

రాజకీయంగా కూడా ఈ సమాజం ఎదిగింది. 1980, 1984 ఎన్నికల్లో గంగాధర్ కుచన్, 1989, 1991లో ధర్మణ్ణ సాదుల్, 1996లో లింగరాజ్ వల్యాల్ షోలాపూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మూడు తరాల క్రితం కొట్టంలో తలదాచుకున్నవారి పేటల నుంచి పార్లమెంటుకు మనుషులు వెళ్లారు. విద్యాసంస్థలు, సహకార ఆసుపత్రి, సహకార సంఘాలు నెలకొల్పుకున్నారు.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. కార్ఖానా బంధం వీడింది. దానితో పాటు కార్ఖానా నిలిపిన భాషకు ఆసరా కూడా సడలింది. పిల్లలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు, పుణెకు ఉద్యోగాలకు వెళ్తున్నారు. అది తప్పు కాదు. చదువుకోవడం కోసమే గదా వారి అమ్మమ్మలు చీకటి పడేదాకా బీడీలు చుట్టింది! నగరపాలక సంస్థ తెలుగు బడులు నడిపింది గాని వాటికి పంపేవారు తగ్గుతూ వచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బతుకమ్మ పాటను దేవనాగరి లిపిలో రాసుకుని పాడేవారు ఉన్నారు. మాట ఉంది, అక్షరం పోయింది. రేపు మాట కూడా పోతే ఆ పేటల నూట యాభై ఏళ్ల అనుభవం ఎవరూ చదవలేని పుస్తకం అవుతుంది.

పాత ఇరుకు మళ్లీ రావాలని ఎవరూ కోరరు. ఇదివరకు తెలుగు దానంతట అదే నిలిచింది, ఎందుకంటే మరో దారి లేదు. ఇక మీదట నిలవాలంటే కావాలని నిలుపుకోవాలి. ఇది షోలాపూర్ వారికే కాదు, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మీకూ వర్తిస్తుంది. సాయంత్రం పూట పిల్లవాడి చేత ఓ అరగంట అక్షరాలు దిద్దించడానికి ప్రభుత్వం ఉత్తర్వు అక్కర్లేదు. మగ్గం మీద కూర్చున్న చివరి తరం పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఏ ఊరి నుంచి వచ్చారు, మొదట ఎవరింట దిగారు, మొదటి బాకీ ఎంత, అది ఎప్పుడు తీరింది అని అడిగి రాసిపెట్టండి. చరిత్రకారులకు దొరకని కాగితం అది.

ఈసారి ఇంట్లో షోలాపూర్ నేత కనబడితే, అది ఏ పేటలో నేసిందో, నేసినవారు ఏ భాషలో మాట్లాడుకున్నారో మీ పిల్లలకు చెప్పండి. సెలవు.