ఆవు పడింది, కాపరి దిగాడు: బొర్రా గుహల అసలు రెస్క్యూ కథ

'మంజుమ్మెల్ బాయ్స్' మీలో చాలామంది చూసే ఉంటారు. 2024లో మలయాళంలో వచ్చింది, ఏప్రిల్ 6న తెలుగులో కూడా రిలీజైంది. 2006లో కొడైకెనాల్‌లో నిజంగా జరిగిన కథ. టూర్‌కి వెళ్ళిన ఫ్రెండ్స్‌లో సుభాష్ గుహలో లోతైన గోతిలో పడిపోతాడు. ఇంక బతికి ఉండడని అందరూ వదిలేసిన టైంలో కుట్టన్ తాడు కట్టుకుని కిందికి దిగుతాడు. మిగతావాళ్ళు పైనుంచి లాగుతారు.

ఇప్పుడు అదే కథని మన అరకు దారిలో, అనంతగిరి కొండల్లోకి తీసుకెళ్దాం. బొర్రా గుహల దగ్గర ఊళ్ళవాళ్ళు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. కొండ మీద మేస్తున్న ఆవు గుహ పైకప్పులో ఉన్న కన్నంలోంచి లోపలికి పడిపోయింది. కాపరి దాన్ని వెతుక్కుంటూ చీకట్లోకి వెళ్ళాడు. ఆవు ప్రాణాలతో కనపడింది. పక్కనే లింగంలాంటి రాయి ఉంది. శివుడే కాపాడాడని దణ్ణం పెట్టుకున్నాడు. గుహలోంచి పారే నదికి గోస్తని అని పేరు కూడా ఈ ఆవు వల్లే వచ్చిందంటారు.

ఇది పుక్కిటి పురాణమే అనుకోండి, అయినా దాని స్ట్రక్చర్ చూడండి. ఒక ప్రాణం లోపల పడింది, దాని కోసం ఒకడు దిగాడు. సినిమాలో ఉన్నదీ ఇదే కదా!

మరి ఈ కాపరి పేరేంటి? ఎవరూ చెప్పరు. చాలా టూరిస్ట్ వెబ్‌సైట్లలో ఇంకో పేరు మాత్రం కనిపిస్తుంది: 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహల్ని కనిపెట్టాడట. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఆ సంస్థ పుట్టింది 1851లో. అంటే సంస్థ పుట్టడానికి 44 ఏళ్ళ ముందే దాని ఉద్యోగి వచ్చి గుహ కనిపెట్టాడన్నమాట! ఒకరి దగ్గర చూసి ఇంకొకరు కాపీ పేస్ట్ చేసుకుంటూ పోతే ఇలాంటి బగ్‌లే మిగులుతాయి. ఆంధ్రా యూనివర్సిటీ ఆంత్రోపాలజీ వాళ్ళు ఇక్కడ పాతరాతియుగం నాటి పనిముట్లు తవ్వి తీశారు. వేల ఏళ్ళుగా మనుషులు మసిలిన చోటుని 'కనిపెట్టడం' ఏంటండీ? కొడైకెనాల్ గుహదీ ఇదే తంతు. 1821లో బి.ఎస్. వార్డ్ అనే ఇంగ్లీషు అధికారి పేరు రాశారు, 1991లో కమల్ హాసన్ 'గుణ' షూటింగ్ తర్వాత అది గుణ గుహ అయింది.

కొండ తెలిసినవాళ్ళ పేర్లు పోతే నష్టమేంటి అంటారా? థాయ్‌లాండ్‌కి వెళ్దాం. 2018 జూన్ 23న థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది పిల్లలు, వాళ్ళ ఫుట్‌బాల్ కోచ్ వెళ్ళారు. వాన వచ్చింది, గుహ నిండింది. తొమ్మిది రోజుల తర్వాత బ్రిటిష్ డైవర్లు వాళ్ళని కనుక్కున్నారు. జూలై 10 నాటికి 13 మందీ బయటికొచ్చారు. గాలి సిలిండర్లు పెట్టడానికి వెళ్ళిన మాజీ నేవీ డైవర్ సమన్ కునన్ మాత్రం చనిపోయారు. దీని మీదే రాన్ హోవార్డ్ 2022లో 'థర్టీన్ లైవ్స్' తీశాడు. అందులో హీరోలు డైవర్లే. కానీ కొండ మీద ఇంకో టీం పనిచేసింది. గుహలోకి ఇంకుతున్న వాగుల్ని గుర్తుపట్టి పక్కకి మళ్ళించారు. ఆ నీళ్ళు పోయి రైతుల పొలాలు మునిగాయి. కొందరు నష్టపరిహారం కూడా వద్దన్నారు.

గుహ అంటే లోపలి ఖాళీ ఒక్కటే కాదండీ, పైన కొండ కూడా. వాననీళ్ళు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పలచని ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్ళే సున్నపురాయిని కరిగించి గుహ చేస్తాయి, చుక్క చుక్కగా కాల్సైట్‌ని పేర్చి ఆ ఆకారాలన్నీ కడతాయి. ఆ నీళ్ళు ఎటు పోతాయో రోజూ అక్కడ తిరిగేవాళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు రెస్క్యూకి వద్దాం. ఆ కాల్సైటే బొర్రాకి ప్రమాదమైంది. బొర్రా రిజర్వ్ ఫారెస్టులోనూ, దాని చుట్టూ ఉన్న 14 ఊళ్ళలోనూ ప్రభుత్వం ప్రైవేటు వాళ్ళకి మైనింగ్ లీజులు ఇచ్చింది. ఇది ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయింది, అయినా ఆగకుండా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1997 జూలై 11న తీర్పొచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తే', కాబట్టి తన భూమైనా సరే గిరిజనేతరులకి లీజుకివ్వడం చెల్లదు అన్నారు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఇటు, ఒకరు అటు. ఒక్క జడ్జి అటు జరిగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది!

ఈ రెస్క్యూలో తాడు లేదు, హెల్మెట్ లేదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అంతకన్నా లేదు. అందుకే ఎవరూ సినిమా తీయలేదేమో. కానీ లా చదివే ప్రతి స్టూడెంట్‌కీ 'సమత తీర్పు' తెలుసు. అరకు వెళ్ళి బొర్రాలో సెల్ఫీ దిగే మనలో చాలామందికి తెలీదు.

ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. రెస్క్యూ ప్రతిసారీ సినిమాలోలాగా ముగియదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో నీళ్ళూ బురదా విరుచుకుపడి ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఎన్ని టీములు వెళ్ళినా ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. రాయి ఒకసారి కదిలాక మన చేతిలో ఉండేది చాలా తక్కువ. కదలకముందు ఆపడమే పెద్ద రెస్క్యూ. బొర్రాలో జరిగింది అదే.

ఈసారి బొర్రా వెళ్తే పైకప్పులో వెలుతురు పడే చోట ఒక నిమిషం ఆగండి. మీ గైడ్ ఆ ఊరివాడే అయితే ఆవు కథ చెప్పమనండి, పనిలో పనిగా ఆ లీజుల కథ కూడా అడగండి. మీకు చెప్పిన కథ కింద కామెంట్లలో రాయండి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.